మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్ల కారు

ఆయనను అందరూ లిఫ్టాయన అనేవాళ్ళు. ఊళ్ళోని పెద్ద భవనాల్లో లిఫ్టులు చూసుకోవడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని. నెలకోసారి పైకప్పు మీది మోటారు గదిలోకి ఎక్కి, ఉక్కుతాళ్ళను వేళ్ళతో తడిమి, ఎక్కడైనా ఒక్క పోగు లేచిందేమో చూసి, బ్రేకు ముక్కల మందం కొలిచి, గోడకు వేలాడే కార్డు మీద సంతకం పెట్టి దిగేవాడు. యంత్రాల లోగుట్టు తెలిసినవాడికి ధైర్యం ఎక్కువుంటుందని జనం అనుకుంటారు. ఈయన సంగతి అది కాదు. ఏది ఎలా అరిగి ఎక్కడ తెగుతుందో తెలిసినందుకే ఆయనకు భయం. రైలెక్కితే చక్రాల చప్పుడు వింటూ కూర్చునేవాడు. ఇంట్లో ఫ్యాను కాస్త ఊగితే మంచం పక్కకు జరిపేవాడు. బావమరిది ఆయనకు అనుమానాల బావ అని పేరు పెట్టాడు.

అలాంటి మనిషి యాభై మూడో ఏట మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన పెద్దింటి కారు కొన్నాడు. తన కోసం కాదు, భార్య కోసం.

ఆవిడ ఒక పరదాల కొట్లో కుట్టుపని చేసేది. ఒక మధ్యాహ్నం బరువైన గుడ్డల చుట్ట ఎత్తబోయి నడుము దగ్గర ఏదో తెగినట్టయి కింద కూలబడింది. వెన్నుకు ఆపరేషన్ చేశారు. ఆ తరవాత ఐదు నెలలపాటు వారానికి రెండుసార్లు కొండ అవతలి ఊరి ఆసుపత్రికి వచ్చి, గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వ్యాయామం చేయాలన్నారు. దారి తొంభై కిలోమీటర్లు. మధ్యలో కొండ.

మొదటిసారి వాళ్ళ చిన్న కారులోనే వెళ్ళారు. ఆ కారు సీటు బల్లలా ఉండేది, రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా వెన్నులోకి వచ్చేది. ఆవిడ దారి పొడుగునా నోట్లో చేతిరుమాలు కుక్కుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక ఆ రుమాలు ఉతకబోతే దానికి పంటి గాట్లకు రెండు చిరుగులు కనిపించాయి. లిఫ్టాయన దాన్ని పట్టుకుని కుళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు.

రెండోసారి అద్దె కారు పిలిస్తే, చిన్న కార్లేవీ ఖాళీ లేవంటూ ఒక పాత పెద్ద కారును పంపారు. పొడుగాటి బండి, సోఫా లాంటి సీట్లు. ఊరు దాటిన పది నిమిషాలకు ఆవిడ నిద్రపోయింది. మూడు నెలల్లో ఆవిడ అలా నిద్రపోవడం ఆయన చూడటం అదే మొదలు. కొండ ఎక్కి దిగినా లేవలేదు. ఆయన ముందుకు వంగి, ఇది ఏ కారని డ్రైవరును గొంతు తగ్గించి అడిగాడు.

బావ అలాంటి పాత కారే కొనబోతున్నాడని తెలిసి బావమరిది పరుగున వచ్చాడు. బీమా కంపెనీలో గుమాస్తా. ప్రమాదాల కాగితాల మధ్యే అతని బతుకంతా. గంటసేపు కూర్చుని, ఇలాంటి కార్లు కొని నెత్తిన చేతులు పెట్టుకున్నవాళ్ళ కథలన్నీ వరసపెట్టి చెప్పాడు. ఒకాయన కారు పొద్దున్న లేచేసరికి గాలి స్ప్రింగులు పోయి ముందు కాళ్ళ మీద కూర్చున్న ఒంటెలా నేలకు ఆనుకుని ఉందట. ఇంకొకాయన గేర్‌బాక్సు రోడ్డు మధ్యలో చేతులెత్తేసిందట. చివరికి ఇలా తేల్చాడు.

"బావా, ఇవి కొత్తగా ఉన్నప్పుడు మనం గేటు బయట నుంచి చూడ్డానికే. పాతబడ్డాక కొన్నామా, ఐరావతాన్ని తెచ్చి వరండాలో కట్టేసుకున్నట్టే."

లిఫ్టాయన తల ఊపాడు. బావమరిది చెప్పినవి కాక, చెప్పనివి ఇంకో పాతిక ఆయనకు అప్పటికే తెలుసు.

అమ్మేది ఒక లాయరమ్మ. తొమ్మిదేళ్ళు దాదాపు రోజూ పక్క నగరంలోని కోర్టుకు తనే నడుపుకుంటూ వెళ్ళొచ్చేదట. ఇప్పుడు పని మానుకుంటోంది. మీటరు మీద అంకెను లిఫ్టాయన రెండుసార్లు చదివాడు. ఇంకొంచెం తిరిగితే భూమి నుంచి చందమామ దాకా పోయినంత అనుకున్నాడు. ఆవిడ ఒక లావుపాటి ఫైలు తెచ్చి చేతికిచ్చింది. ఆయిలు మార్చిన ప్రతిసారీ రసీదు, మార్చిన ప్రతి ముక్కకూ తారీఖు. ఆయన నిలబడిన చోటే మొత్తం చదివాడు. భయం తగ్గలేదు కానీ, ఆ ఫైలు కట్టిన మనిషి మీద గౌరవం కలిగింది.

కారును ఊళ్ళో కార్ల షెడ్డు నడిపే చెవిటి మేస్త్రికి చూపించారు. మేస్త్రికి డెబ్బై ఏళ్ళు. జీవితమంతా షెడ్డు చప్పుళ్ళలో గడిపి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఎదుటివాళ్ళ మాటలు పెదాలు చూసి పట్టేవాడు. ఇంజను ఆడుతుంటే దాని మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. లిఫ్టాయనకు అక్కడ నాలుగు రకాల చప్పుళ్ళు వినిపించాయి, నాలుగూ అనుమానంగానే ఉన్నాయి. మేస్త్రి చెయ్యి మాత్రం కదల్లేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎన్ని కిలోమీటర్లన్నది వదిలెయ్. ఎలాంటి కిలోమీటర్లో చూడు. ఇది నాలుగు వీధులు తిరిగి ఆగిన బండి కాదు, వేడెక్కాక రోజంతా ఒకే తీరుగా పరుగెత్తిన బండి. ఇంజను బాగుంది. ముందు చక్రాల దగ్గర రబ్బర్లు మార్చాలి, గేరు ఆయిలు మార్చాలి."

ఇది నన్ను రోడ్డు మీద వదిలేయదని చెప్పగలవా అని లిఫ్టాయన అడిగాడు. మేస్త్రి ఆయన పెదాలకేసి చూసి నవ్వాడు.

"ఆ మాట కొత్త కారు కొట్లోవాళ్ళు చెప్తారు. నేను చెప్పను."

కొన్నాడు. భార్య ఆ కారెక్కి కళ్ళు మూసుకుని సీటుకు ఆనుకున్నప్పుడు ఆవిడ ముఖం చూసి, ఇక వెనక్కి పోలేకపోయాడు.

ఆ తరవాతి మూడు వారాలూ ఆయన ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడిపాడు. బయల్దేరే రోజు తెల్లారగానే లేచి కారు కింద అట్టముక్క పరిచి, చుక్క ఏదైనా కారిందేమో చూసేవాడు. దారిలో రేడియో పెట్టనిచ్చేవాడు కాదు, చప్పుళ్ళు వినపడవని. ఎండకు సీటు తోలు కిర్రుమన్నా అరికాళ్ళు చల్లబడేవి. భార్యతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, చెవి ఒగ్గి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆవిడ మొదట్లో నవ్వింది. తరవాత ఊరుకుంది.

ఏడో ప్రయాణంలో జరిగింది అది.

ఉదయం పదిన్నర. సన్నగా వాన పడుతోంది, కొండ మీద మంచు దిగి ఇరవై అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. ఆరో మలుపు తిరిగి ఎక్కుతుండగా కారు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్క కుదుపు కుదిపింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. దాని పక్కన గేర్‌బాక్సులో లోపం, నెమ్మదిగా పోనివ్వమని అక్షరాలు. ఆయన పెడలు నొక్కాడు. ఇంజను మూలిగింది కానీ వేగం పెరగలేదు. కారు ఒకే గేరులో బిగుసుకుపోయింది.

వెనక లారీ హారన్ మోగింది. లిఫ్టాయన చేతులు స్టీరింగుకు అతుక్కున్నాయి కానీ అవి తనవి కానట్టున్నాయి. అటూ ఇటూ ఎక్కడ చూసినా తెల్లగా మంచే. ఆగితే లారీ వచ్చి గుద్దుతుందేమో, ఆగకపోతే గేర్‌బాక్సు ముక్కలవుతుందేమో. పక్కన భార్య నడుముకు పట్టీ కట్టుకుని, పది అడుగులు కూడా సాయం లేకుండా నడవలేని స్థితిలో ఉంది.

"మలుపు దగ్గర వెడల్పుగా ఉంది, అక్కడికి పోనివ్వండి," అంది ఆవిడ.

నడిచే మనిషి వేగంతో అక్కడికి చేర్చి పక్కకు ఆపి, లారీని పోనిచ్చాడు. ఇంజను ఆపలేదు. మేస్త్రికి ఫోన్ చేశాడు. మేస్త్రికి ఫోన్‌లో మాటలు వినపడవని ఆ కంగారులో గుర్తు రాలేదు. అదృష్టవశాత్తూ ఎత్తింది ఆయన కూతురు, షెడ్డులో బిల్లులు రాసే అమ్మాయి. లిఫ్టాయన చెప్పిందంతా విని, ఉండండి బాబాయ్‌గారూ అని, తండ్రి ముఖం ముందుకు వెళ్ళి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఇవతల వీళ్ళకు ఆ మాటలే వినిపిస్తున్నాయి, మేస్త్రి జవాబు మాత్రం లేదు. చివరికి ఆ అమ్మాయి ఫోన్‌లోకి వచ్చింది.

"ఇంజను వేడి ముల్లు ఎక్కడుందని అడుగుతున్నారు బాబాయ్‌గారూ."

"సగంలో ఉంది."

"అయితే ఏం కాలేదట. తనను తాను కాపాడుకోడానికి గేరు బిగబట్టుకుందట. ఇంజను ఆర్పి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయమంటున్నారు."

ఇంజను ఆర్పడం. ఆ ఒక్క పని తప్ప ఏది చెప్పినా చేసేవాడు. ఇప్పుడు కనీసం ఏదో ఒకటి తిరుగుతోంది, వెచ్చగా ఉంది, అద్దాలు తుడుచుకుంటోంది. ఆర్పాక మళ్ళీ వెలగకపోతే? ఆయన వేలు బటన్ దాకా వెళ్ళి గాలిలో ఆగిపోయింది.

పదకొండేళ్ళ కిందటి మాట ఒకటి ఆయన లోపల ముల్లులా ఉండేది. ఒక పొద్దున ఆయన అన్నీ చూసి బాగుందని సంతకం పెట్టిన లిఫ్టు, అదే సాయంత్రం నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ, ఒక తల్లీ బిడ్డా. నలభై నిమిషాలు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. కానీ తలుపు సందులోంచి వినిపించిన ఆ ముసలావిడ గొంతును ఆయన మరచిపోలేకపోయాడు. తను బాగుందని చెప్పినదాన్ని నమ్మి లోపలికి ఎక్కిన మనిషి. ఇప్పుడు పక్కసీట్లో కూర్చున్నదీ తనను నమ్మిన మనిషే.

"నావల్ల కావడం లేదు," అన్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. పట్టీ బిగుసుకుంటుంటే పళ్ళు బిగించి ఒక పక్కకు వంగి, చెయ్యి చాచి బటన్ నొక్కింది.

ఇంజను ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కసారిగా కారు మీద పడింది. ఇంకో లారీ మంచులోంచి వచ్చి, కారును ఊపి, మంచులోకి పోయింది. ఆవిడ ఒకటి అంది. ఆయన రెండు అన్నాడు. ఐదు దగ్గర అద్దం మీద ఆవిరి పట్టింది. ఎనిమిది దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. పది అన్నాక కూడా ఆవిడ తొందరపడలేదు, ఇంకొక్క ఊపిరి ఆగి బ్రేకు తొక్కమంది. మళ్ళీ నొక్కింది.

ఇంజను ఏమీ జరగనట్టు లేచింది. పసుపు దీపం లేదు. గేరు మెత్తగా పడింది.

ఆసుపత్రికి చేరేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆవిడ నీళ్ళ తొట్టిలో ఉన్నంతసేపూ ఆయన వరండాలో బెంచీ మీద, కారు కనపడేట్టు కూర్చున్నాడు. దాని మీదినుంచి చూపు తిప్పితే ఎక్కడికో పోతుందన్నట్టు.

లోపం బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలో దొరికింది. గేర్‌బాక్సులోకి తీగలు వెళ్ళే చోట ఉండే ప్లగ్గులోకి ఆయిలు ఊరి, సంకేతాలు తడబడ్డాయట. మేస్త్రి దాన్ని మార్చి, పాతదాన్ని ఆయన అరచేతిలో పెట్టాడు. మిగతా బండికి ఏ ఢోకా లేదన్నాడు.

అయినా ఆ తరవాతి ప్రయాణం రోజు లిఫ్టాయన డ్రైవరు సీట్లో కూర్చుని తాళం చేత్తో పట్టుకుని కదల్లేకపోయాడు. అద్దె కారు పిలుస్తానన్నాడు. ఈ కారును ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. ఆవిడ కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

"మీరు దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు," అంది. "ఇది ఆగిపోతుందని కాదు. ఆగిపోతే నేను మిమ్మల్ని ఏమంటానో అని."

ఆయన తాళాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మొన్న ఆగింది కదా. ఏమన్నాను?"

"ఏమీ అనలేదు."

"మళ్ళీ ఆగినా అదే అంటాను. పదండి, తొమ్మిదింటికి నాకు తొట్టి ఇచ్చారు."

ఆయన వెళ్ళాడు. భయం పోయి కాదు, భయంతోనే. దారంతా భుజాలు చెవుల దాకా లేచే ఉన్నాయి. ఆరో మలుపు దాటుతున్నప్పుడు ఊపిరి బిగబట్టాడు. ఆవిడ పక్కకు తిరిగి కిటికీలోంచి చూస్తూ, ఎండలో ఈ కొండ ఇంత బాగుంటుందా అంది.

ఐదు నెలల్లో నలభై ప్రయాణాలు చేశారు. కారు ఇంకొక్కసారే మొండికేసింది, అదీ ఆసుపత్రి ఆవరణలో. బ్యాటరీ చచ్చిపోతే కాపలా మనిషి తన బండికి తీగ కట్టి లేపాడు. బావమరిది ప్రతి ఆదివారం వచ్చి ఐరావతం ఎలా ఉందని అడిగేవాడు. చివరికి తనే ఒకరోజు వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిప్పించుకుని, నిద్రపోయి లేచి, ఆ తరవాత ఇక ఏమీ అడగలేదు.

ఆవిడ నడుము పట్టీ తీసేశారు. కర్ర మూలన పెట్టింది. చివరిసారి డాక్టరును చూడటానికి వెళ్ళాల్సిన రోజు, లిఫ్టాయన కారు కింద అట్టముక్క చూసి, చక్రాల గాలి చూసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. లైసెన్సు ఆవిడకు పెళ్ళికి ముందు నుంచీ ఉంది. ఇన్నేళ్ళూ అవసరం రాలేదంతే.

ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరు నడపమన్నాడా అని అడిగాడు. వద్దనలేదంది. కొండదారి కదా అన్నాడు. నలభై సార్లు చూశానంది. ఇక చెప్పడానికి ఏమీ మిగలక, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆవిడ నిదానంగానే నడిపింది. కానీ మొదటి మలుపు దగ్గరే ఆయన చెయ్యి తలుపు మీది పిడిని పట్టుకుంది. రెండో మలుపుకు రెండో చెయ్యి కూడా అక్కడికే వెళ్ళింది. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. ఆవిడ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అంది.

"ఆ పిడి మెల్లిగా పట్టుకోండి. అది ఊడొస్తే బాగు చేయించాల్సింది కూడా మీరే."

ఆయన పట్టు కొంచెం సడలించాడు. వదల్లేదు.