శ్రావణి రెండు తొమ్మిదో తరగతులు

2014 జనవరి 21, మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నర. అబుదాబి శివార్లలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉన్న ఒక భారతీయ స్కూల్లో నేను రిజిస్ట్రార్‌ని. అక్కడ చేరి అప్పటికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. అంతకుముందు కాకినాడలో ఒక కాలేజీ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు చేశాను. అంత ఉద్యోగంలో ఒక్క మెమో కూడా అందుకోలేదు. ఈ కేసులో మొదటిది అందుకున్నాను. అది న్యాయమేనని ఇప్పటికీ అంటాను.

రిజిస్ట్రార్ అంటే పిల్లల కాగితాలకు కాపలా మనిషి. అడ్మిషన్, టీసీ, బోనఫైడ్ లెటర్ అన్నీ ఆ బల్ల మీదుగానే బయటికి వెళ్తాయి. బోనఫైడ్ అంటే ఫలానా పిల్ల మా స్కూల్లో చదువుతోందని రాసివ్వడం. గల్ఫ్‌లో వీసా రెన్యువల్‌కని, టికెట్ రాయితీకని రోజూ ఎవరో ఒకరు దానికోసం వస్తూనే ఉంటారు. ట్రాన్‌స్క్రిప్ట్ అనేది వేరు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏ ఏడాది ఏ తరగతి చదివారో, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులో ఒకే కాగితం మీద చూపుతుంది. విదేశీ కాలేజీలు దాన్నే అడుగుతాయి.

ఆ రోజు అమెరికాలోని ఒక కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది. "ఈ ట్రాన్‌స్క్రిప్ట్ మీరు ఇచ్చిందేనా, ధ్రువీకరించండి" అని రెండు వాక్యాలు, కింద ఒక స్కాన్. పిల్ల పేరు శ్రావణి, పన్నెండో తరగతి. మా స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్, ఎత్తు నూట ఎనభై నాలుగు సెంటీమీటర్లు. నా గదిలోకి వచ్చేటప్పుడు అలవాటుగా తల వంచి వచ్చేది. తండ్రి గంగారాం పక్కనే ఉన్న ముసఫ్ఫా పారిశ్రామిక వాడలో మొబైల్ క్రేన్ ఆపరేటర్. వాళ్లది జగిత్యాల దగ్గర ఊరు.

ఆ పిల్లకు నేను ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వలేదు. ఇష్యూ రిజిస్టర్ తెరిచి చూశాను, ఆ పేరే లేదు. కంప్యూటర్లో ఆమె రికార్డు తెరిచాను. స్కాన్‌లో తొమ్మిదో తరగతి ఒక్కసారే ఉంది. మా రికార్డులో రెండుసార్లు ఉంది: 2009-10 ఇండియాలో, 2010-11 మా దగ్గర. పదో తరగతి సైన్సు, లెక్కల గ్రేడ్లు కూడా మారాయి. ఇక అడుగున ఉన్న సంతకం చూడబోయాను.

సంతకం నాదే.

ఫోర్జరీ అయితే నాకు తెలిసిపోతుంది. నా సంతకంలో చివరి గీత ఎడమకు తిరుగుతుంది, కాకినాడలో ఎన్నో ఏళ్లు ఎడంపక్కన ఇంకుప్యాడ్ పెట్టుకుని రాసిన అలవాటు. అది అచ్చంగా అలాగే ఉంది. సీలు కూడా మాదే. నేను ఇవ్వని కాగితం మీద నా సంతకం ఎలా వచ్చిందో పావుగంట పాటు నాకు తట్టలేదు.

తర్వాత తట్టింది. అంతకుముందు నవంబరు 17 నుంచి డిసెంబరు 26 వరకు సెలవు మీద ఇండియా వెళ్లాను. గల్ఫ్ స్కూళ్ల ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంటుంది. సంతకం పెట్టే మనిషి సెలవు మీద వెళ్తే తల్లిదండ్రుల వీసా పనులు ఆగిపోతాయని, ఖాళీ లెటర్‌హెడ్ల మీద ముందే సంతకం, సీలు వేసి డ్రాయర్లో పెట్టి వెళ్తారు. నాకు ముందున్నాయనా అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. తప్పని తెలుసు. అందుకే లెక్క పెట్టాను: ముప్పై కాగితాలు, వాటితో పాటు ఎవరు దేనికి తీసుకున్నారో రాయడానికి ఒక జాబితా. తిరిగి వచ్చాక జాబితా చూశాను. వాడినవి పంతొమ్మిది, మిగిలినవి పదకొండు. లెక్క సరిపోయింది కాబట్టి నిశ్చింతగా సంతకం పెట్టి జాబితా మూసేశాను. ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే పద్నాలుగో నంబరు దగ్గర ఇలా ఉంది: "బోనఫైడ్, బాస్కెట్‌బాల్ టోర్నమెంట్, తీసుకున్నది ప్రసాద్ సార్."

ప్రసాద్ సార్ మా పీఈటీ. గుడివాడ వైపు మనిషి. వేసవిలో ఎండ ముదరకముందే, ఉదయం ఐదుముప్పావుకల్లా కోర్టులో పిల్లలతో ఉండేవాడు. సెలవు రోజున కూడా తన కారులో పిల్లల్ని ఇంటి దగ్గర దింపేవాడు. స్టాఫ్‌లో ఎవరి గురించి చెప్పినా నమ్మేదాన్ని గానీ, ఆయన గురించి చెబితే నమ్మి ఉండేదాన్ని కాదు. పిలిపించి స్కాన్ చూపించాను. ఒక్క క్షణం చూసి కుర్చీలో కూర్చున్నాడు.

"మీరే చేశారా?"

"నేనేనండి. కానీ మేడమ్, ఫోర్జరీ మాత్రం చెయ్యలేదు. సంతకం మీదే కదా."

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అది తనకు కాస్త ఊరట అనుకుంటున్నాడు.

అప్పుడు విషయం మొత్తం చెప్పాడు. అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ కోచ్‌లు దేశాలు తిరిగి ఆటగాళ్లను వెతికి తీసుకెళ్తారు. దాన్ని రిక్రూటింగ్ అంటారు. కుదిరితే నాలుగేళ్ల చదువు, హాస్టల్ అన్నీ ఉచితం. నవంబరులో దుబాయ్‌లో జరిగిన స్కూళ్ల టోర్నమెంటులో ఒక అసిస్టెంట్ కోచ్ శ్రావణి ఆట చూసి తీసుకుంటానన్నాడు. అడ్డు ఒక్కటే. తొమ్మిదిలో మొదటిసారి చేరిన రోజు నుంచి నాలుగేళ్లలో చదివిందే లెక్కలోకి వస్తుందట. ఆ పిల్లకు ఐదేళ్లు అయ్యాయి.

"ఆయనే అన్నాడండి, ఒక్క తొమ్మిదే కనబడితే చాలు అని. మిగతాది నువ్వు చూసుకో అన్నాడు. మెసేజ్ కూడా ఉంది, చూడండి."

ఫోన్ చూపించాడు. ఉంది. నవ్వుతున్న బొమ్మతో సహా ఉంది. ఒక కాలేజీ కోచ్ ఒక పరాయి దేశపు స్కూలు మాస్టారికి కాగితం మార్చమని చెప్పి, కింద నవ్వు బొమ్మ పెడతాడని నేనెన్నడూ అనుకోలేదు.

"మరి గ్రేడ్లు ఎందుకు మార్చారు?"

"ఎలాగూ కొత్తగా కొడుతున్నాను గదా అని..." అని ఆగిపోయాడు. "మేడమ్, రింగు తగిలి వచ్చే బంతికి, రిబౌండ్‌కి, ఆ పిల్ల లేస్తే చూశారా మీరెప్పుడైనా? పదిహేనేళ్లలో అలాంటి పిల్ల నా చేతికి రాలేదు. మీరు అవునని ఒక్క ముక్క రాస్తే దాని బతుకు మారిపోద్ది."

నేను ఆట ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. అంతా విని తలుపు వేయించారు. "సంతకం ఫోర్జరీ అని రాయండి. మన స్కూలుకు సంబంధం లేదు, ఖలాస్."

"సంతకం నాదేనండి."

"అది మీకూ నాకూ తెలుసు. వాళ్లకెలా తెలుస్తుంది?"

నేను రోజంతా భయపడింది అవునని రాయాల్సిన మొదటి అబద్ధానికి. ఈ రెండోది ఇంకా పెద్దది. ఈ దేశంలో ఫోర్జరీ అంటే పోలీసు కేసు. దొంగ సంతకమని నేను రాస్తే, ఆ కాగితం ఎవరి పేరు మీద ఉందో ఆ పిల్లనూ, ఆ తండ్రినీ ముందు పిలుస్తారు. అవునని రాస్తే పిల్ల అమెరికా వెళ్తుంది, నేను అబద్ధం చెప్పినట్టు. కాదని రాస్తే ఆ కుటుంబం వీసా మీదికి వస్తుంది, అదీ అబద్ధమే. ఉన్నది ఉన్నట్టు రాస్తే పిల్ల సీటు పోతుంది, నా డ్రాయర్ సంగతి బయటపడుతుంది. నాకు రెండు రోజులు గడువు కావాలన్నాను.

జనవరి 23, గురువారం సాయంత్రం గంగారాం, శ్రావణి వచ్చారు. ఆయన డ్యూటీ బూట్లతోనే వచ్చాడు. నేను స్కాన్, మా రికార్డు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రెండింటినీ చూసి బిడ్డ వైపు తిరిగాడు.

"గిదేందే? నువ్వు ఇచ్చినవా?"

"నాకేం ఎర్కలేదు బాపూ. సారు అన్ని నేను పంపుత అన్నడు. నేను తొమ్మిది రెండుసార్లు సదివిన్నని దుబాయ్‌ల ఆ కోచ్‌కు నేనే చెప్పిన మేడమ్. ఆయన నవ్వి నో ప్రాబ్లం అన్నడు."

అంటే దాచాల్సిన విషయం కూడా ఆ పిల్ల దాచలేదు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లే ఆమె కోసం దాచారు.

"మేడమ్, పోలీస్ కేస్ అయితదా?" అన్నాడు గంగారాం. "పదమూడేండ్లు ఒంటిగ లేబర్ క్యాంపుల ఉన్న. నాలుగేండ్ల కిందనే పిల్లలను తెచ్చుకున్న. నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నా పని ఖతమే."

"మీ మీద ఏమీ రానివ్వను. కానీ ఈ సీటు పోతుంది."

ఆయన స్కాన్‌ను నా వైపు నెట్టాడు. "పోతే పోనీ. దొంగ కాయితం మీద పోరిని పంపుడు నాకొద్దు."

శ్రావణి మాత్రం నన్నే చూస్తోంది. "పోతే పోనీ అని ఊకెనే అంటున్నవ్ బాపూ. ఆడింది నేను గదా." తర్వాత నాతో, ఏ మాత్రం కోపం లేకుండా, "మీరు సంతకం ఖాళీ కాయితం మీద ఎందుకు పెట్టిన్రు మేడమ్?" అంది.

నా దగ్గర జవాబు ఉంది. వీసా పనులు, సెలవులు, ముందున్నవారి పద్ధతి. ఒక్కటీ చెప్పలేదు.

జనవరి 26న ప్రిన్సిపాల్ చెప్పినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు జవాబు పంపాను. అందులో ఐదు వాక్యాలు. ఈ ట్రాన్‌స్క్రిప్ట్ మా రికార్డు ప్రకారం తయారైంది కాదు. సంతకం నాదే, సెలవు మీద వెళ్తూ ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకం చేసి పెట్టడం నా తప్పు. విద్యార్థినికి, ఆమె తండ్రికి ఈ విషయం తెలియదు. ఇలా చేయమన్న సలహా మీ వైపు నుంచే వచ్చిందని మా ఉపాధ్యాయుడు నాతో చెప్పారు. అసలు ట్రాన్‌స్క్రిప్ట్ జతపరుస్తున్నాను.

నాలుగు రోజుల్లో రెండు లైన్ల జవాబు వచ్చింది. సీటు ఉపసంహరించుకుంటున్నామని, సహకారానికి కృతజ్ఞతలని. నా నాలుగో వాక్యం గురించి ఒక్క మాట లేదు. ఇప్పటిదాకా లేదు. ప్రసాద్ సార్ మార్చి నెలాఖరున రాజీనామా చేసి ఊరు వెళ్లిపోయాడు. నాకు ఫిబ్రవరి 9న మెమో వచ్చింది.

అక్కడితో కేసు అయిపోయిందనే అనుకున్నాను. తప్పు జరిగింది, ఒప్పుకున్నాను, నిజం పంపాను.

మే 29న శ్రావణి టీసీ, ట్రాన్‌స్క్రిప్ట్ కోసం వచ్చింది. హైదరాబాద్‌లో డిగ్రీలో చేరాలి. నేను ఇచ్చిన ట్రాన్‌స్క్రిప్టును కవర్లో పెట్టుకోకుండా నా ఎదురుగానే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టి, లైను తర్వాత లైను. జనవరి తర్వాత ఆ పిల్ల ఏ కాగితాన్నీ చదవకుండా తీసుకోవడం మానేసిందని అర్థమైంది.

"మేడమ్, గీ ఆర్ అంటే ఏంది?"

2010-11, తొమ్మిదో తరగతి, పక్కన ఆర్ అనే అక్షరం. "రిపీటెడ్. తొమ్మిది మళ్లీ చదివావు కదా. ఒకసారి తప్పితే..."

"నేను తప్పలే." తల ఎత్తి చూసింది. "నేను జగిత్యాల్ల తొమ్మిది పాసైన. పదికి పోయేదుండె. ఈడికొస్తే ఇంగ్లిష్ రాదు, కింద క్లాసుల కూసోవాలె అన్నరు. మీరే కూసోబెట్టిన్రు."

నాకు గుర్తులేదు. 2010 ఏప్రిల్లో ఆరు వందలకు పైగా అడ్మిషన్లు చేశాను. ఊళ్ల నుంచి తెలుగు మీడియం పిల్లలు వస్తే ఒక తరగతి తగ్గించి చేర్చుకోవడం మా దగ్గర మామూలు. కంప్యూటర్లో అదే తరగతి రెండోసారి వస్తే ఆర్ కొట్టాలి, కారణానికి గడి లేదు. లేచి వెళ్లి పాత అడ్మిషన్ ఫైలు తీశాను. అడుగున జగిత్యాల స్కూలు టీసీ ఉంది. "పదవ తరగతికి ప్రమోట్ చేయబడినది." దాని మీద ఎర్ర ఇంకుతో 'తొమ్మిదిలో చేర్చవలెను' అని ఒక నోట్. ఆ చేతిరాత నాది.

జనవరిలో నేను మొత్తం కంప్యూటర్ తెర మీదే చూసుకున్నాను. ఈ ఫైలు తీయలేదు. నేను అమెరికాకు పంపిన "అసలు" కాగితం ఆ పిల్ల తొమ్మిది తప్పిందని చెప్పింది.

అప్పుడే కూర్చుని ఇంకో ఈమెయిల్ రాశాను, పాత టీసీ జతచేసి. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ఈ ఏడాది జట్టు పూర్తయిందని, స్కూలు నిర్ణయం వల్ల తరగతి తగ్గిన పిల్లల విషయంలో మినహాయింపు అడిగే వీలు ఉంటుందని, ఆ వివరం జనవరిలోనే తెలిసి ఉంటే పరిశీలించేవారమని. ఆ చివరి వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు.

శ్రావణికి ఫోన్ చేసి, ఒక్క మాట మింగకుండా చదివి వినిపించాను.

"జనవరిల నన్ను అడిగితే చెప్పేదాన్ని గదా మేడమ్," అంది.

ప్రసాద్ సార్ తప్పు చేశాడు. ఆ కోచ్ తప్పు చేయించాడు. వాళ్లిద్దరిలా కాక నేను నిజాయితీగా నిలబడ్డానని నాలుగు నెలలు అనుకున్నాను. తేదీలు, అంకెలు సరిపోతే నిజం చెప్పినట్టేనని ముప్పై ఏళ్లుగా నమ్మాను. ఈ కేసులో అన్నీ సరిపోయాయి. ముప్పై కాగితాలూ సరిపోయాయి, రెండు తొమ్మిదులూ సరిపోయాయి. ఎవరి చదువు గురించి రాస్తున్నామో ఆ పిల్లను కూర్చోబెట్టి, ఇది నీ సంగతేనా అని మాలో ఒక్కరమూ అడగలేదు.

2017 మార్చిలో రిటైరయ్యే వరకు ట్రాన్‌స్క్రిప్ట్ కోసం వచ్చిన ప్రతి పిల్లను నా ఎదురుగా కూర్చోబెట్టి, మొత్తం చదవమన్నాను. కొందరు విసుక్కున్నారు. కొందరు ఫోన్ చూస్తూ తలాడించారు. అలాంటివాళ్లను మళ్లీ మొదటి లైను నుంచి చదవమన్నాను. వాళ్లు అవునన్న తర్వాతే పెన్ను తీసేదాన్ని.