సముద్రం వెనక్కి వెళ్లిన సాయంత్రం

2023లో మధురవాడలో, ఒక ట్యూషన్ సెంటర్ పైగదిలో, మాకో ఆడియో కథల చానెల్ ఉండేది. సైన్స్ ఫిక్షన్ చిన్నకథలు రాయించి, చదివించి, జనంలోకి పంపడం నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్లో" అని చెప్పేది. అబద్ధమేమీ కాదు.

ఆ వర్షాకాలంలో హైమావతి కథ వచ్చింది. ఆమె ఐటీ ఆఫీసులో టెస్టర్. ఆ కథలో ఒక సాయంత్రం సముద్రం నెమ్మదిగా వెనక్కి వెళ్లిపోతుంది. ఊరంతా సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని సముద్రపు అడుగున నడుస్తారు. ఏళ్లుగా మునిగినవన్నీ అక్కడ నిద్రపోతూ కనిపిస్తాయి. చంద్రుడు పట్టు వదిలేశాడన్నది అందులోని సైన్సు.

"ఇప్పటిదాకా నా కథలు విన్నది మా చుట్టాలేనండి. వినకపోయినా బాగుందంటారు. ఇది కూడా బయటివాళ్లు వినకపోతే రాయడం మానేస్తాను" అంది. బెదిరించినట్టు కాదు, సెలవుచీటీ ఇచ్చినట్టు అంది. అందుకే నాకు దిగులేసింది.

మా పనిలో 'హుక్' అంటారు, వినేవాడు ఫోన్ ఆపెయ్యకుండా పట్టుకునే మొదటి రెండు వాక్యాలని. వాటిని ఆమె గొంతుతో రికార్డు చేసి, మైకు ఆటోలో సముద్రపు ఒడ్డున జాలరిపేటంతా తిప్పించాం. ఆటో సింహాచలం అనే అతనిది. ఏడాదంతా బట్టల డిస్కౌంట్లూ వార్డు మీటింగులూ చాటుతాడు. తుఫానప్పుడు హెచ్చరికలు చాటడానికి అధికారులు కూడా అతన్నే పిలుస్తారన్నది తర్వాత తెలిసింది.

నేనూ హైమావతీ వెళ్లేసరికి మగవాళ్లు పడవలు పైకి లాగుతున్నారు. ఆడవాళ్లు చేపల గంపలు సర్దేస్తున్నారు. ఆకాశం మాత్రం ఏ పాపం ఎరగనట్టు నీలంగా ఉంది.

"ఏమైంది సింహాచలం?"

"ఆ పాప గొంతు గాలికి ఇనబడతన్నాది కాదు బావా. నానే సదివేసినాను. సముద్రం ఎనక్కెల్లిపోతన్నాది, అందరూ ఒడ్డుకి రండని."

"ఒడ్డుకి రమ్మని కథలో లేదు."

"నోటికొచ్చీసింది. ఎప్పుడూ అదే కదా సెప్తాను."

సంగతి తెలిసి ముత్యాలమ్మ అనే చేపలమ్మే ఆవిడ ఎదురొచ్చింది. "కత కోసరం సేపలేట మానిపించీసినార్రా బాబూ?"

హైమావతి ఆటో వైపు తిరిగింది. ఇక ఈ జన్మలో రాయదని నాకు అర్థమైంది.

"ఎక్కడికెల్తావు? ఈయేల ఏట ఎలాగూ పోనాది" అంది ముత్యాలమ్మ. "తరవాతేటయిందో సెప్పి ఎల్లు."

హైమావతి ఒక పడవకి ఆనుకుని, ఫోన్ చూస్తూ చదవడం మొదలుపెట్టింది. వెనకాల అలలు సౌండ్ ఎఫెక్టులు ఉచితంగా ఇస్తున్నాయి. వెలుతురు మెల్లగా పోతోంది. నీళ్లు వెళ్లిపోయిన చోట తడి ఇసుక మీద మేమే నడుస్తున్నట్టనిపించింది. మునిగిన పడవల దగ్గరికి వచ్చేసరికి ముత్యాలమ్మ ఆపింది.

"అక్కడ పచ్చరంగు పడవుందేటి? తుఫానుకి కొట్టుకుపోనాది. మా మడిసొచ్చినాడు, పడవ రాలేదు."

ఆమె భర్త పక్కనే కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. కథలో పచ్చ పడవ లేదు. నేను ఎడిట్ చేశాను, నాకు తెలుసు. హైమావతి ఫోన్ మీంచి తల ఎత్తలేదు.

"ఉంది. ఓ పక్కకి ఒరిగింది. రంగు కాస్త వెలిసింది. వల లోపలే ఉంది."

"ఇంజనో?" అన్నాడతను, మొదటిసారి.

"ఉంది."

"తుప్పట్టిపోయుంటాదిలే" అన్నాడు, ఎందుకో స్థిమితపడి.

తర్వాత ఒకరు లంగరు అడిగారు, ఒకరు కాలిపట్టీ అడిగారు. అన్నీ దొరికాయి. కథ చివర తిరిగి రావలసిన సముద్రం ఆ సాయంత్రం బాగా ఆలస్యంగా వచ్చింది.

తిరుగుదారిలో హైమావతి, "మా చుట్టాలు ఎప్పుడూ ఇంజన్ గురించి అడగలేదండి" అంది. మరుసటి వారం ఇంకో కథ పంపింది.

కొత్తగా రాసేవాళ్లకి నేనిప్పటికీ హుక్ గురించి చెబుతాను, జీతం దానికే కాబట్టి. ఆ తర్వాత ఇంకోమాట చెబుతాను. కథలో ఎక్కడో ఒకచోట పడవ పట్టేంత జాగా వదలండి. అది ఎవరి పడవో మీకు తెలియనక్కర్లేదు.