కోమా మాస్టారు

కోమా మాస్టారికి చంపడం చేతకాదు. టీవీ సీరియల్ రాసేవాడికి ఇంతకు మించిన లోపం ఇంకోటి ఉండదు. ఆయన రాతలో విలన్ కొండ మీంచి పడితే కింద చెట్టుకొమ్మ ఉంటుంది. విషం తాగితే అది గడువు తీరిన విషమవుతుంది. పడవ మునిగితే శవం దొరకదు. ఇక ఏ దారీ లేకపోతే కోమా. ఆ పేరు అలా వచ్చిందే.

దర్శకుడికి ఆయనతో తల ప్రాణం తోకకొచ్చేది.

"మాస్టారూ, లారీ గుద్దేసింది. ఈసారైనా పోతాడా?"

"గుద్దిన మాట నిజమే గానీ, అది ఖాళీ లారీ అండీ."

ఇంట్లోనూ ఇదే వరస. బొద్దింక కనబడి భార్య చెప్పు తీస్తే అడ్డం పడేవారు. "ఉండవే, దానికింకా కథ ఉంది!"

"ఆ కథేదో వంటింటి బయట నడపండి" అనేది ఆవిడ.

ఆయన పేషెంట్లలో అందరికన్నా సీనియర్ సీరియల్లోని నాయనమ్మ. మెట్ల మీంచి జారిపడి ఏళ్ల తరబడి కళ్లు తెరవలేదు. ఈలోగా మనవరాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి, ఒకామెకు రెండుసార్లు.

ఓరోజు నిర్మాత అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏళ్ల తరబడి పడుకోబెట్టడానికి ఇదేమన్నా ఆసుపత్రా? శుక్రవారానికి ఆ ముసలావిడ పోవాలి. లేదంటే మీరు పోతారు!"

దర్శకుడు మాస్టారిని పక్కకు లాగాడు. "మంచమ్మీది పాత్ర కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

"ఆ వేషం వేసే పెద్దావిడకు మాటలు గుర్తుండటం లేదండీ. అప్పట్లో ఒక్క డైలాగు కోసం పొద్దంతా అవస్థపడి, మేకప్ గదిలో కూచుని ఏడ్చింది. 'నన్నిక రావద్దంటారా బాబూ' అంది. ఇంట్లో పలకరించే దిక్కులేదు, ఇక్కడైతే నలుగురుంటారు. అందుకే మర్నాడు మెట్ల మీంచి తోసేశాను."

ప్రతి షాటుకు ముందూ ఆవిడ "నా మాటేంటి బాబూ?" అని అడిగేది. "మీకు మాటల్లేవమ్మా" అనగానే హాయిగా కళ్లు మూసుకునేది. అదంతా వేళాకోళమనుకున్నాడు దర్శకుడు. మాస్టారి మీద వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

శుక్రవారం నిర్మాత స్వయంగా సెట్టుకొచ్చి కుర్చీ వేయించుకున్నాడు. మాస్టారు నాయనమ్మ చెవిలో ఏదో గొణిగి తప్పుకున్నారు. కెమెరా తిరిగింది. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. పెద్దకోడలు మంచమ్మీద పడి గుండెలు బాదుకుంది. ఏడుపు తారస్థాయికి చేరేసరికి, పోయిన నాయనమ్మ లేచి కూచుంది. కోడలి కళ్లు కొంగుతో తుడిచింది.

"ఊరుకోవే తల్లీ. ఎంతసేపని ఏడుస్తావు? అసలు భోంచేశావా?"

కోడలికి ఈసారి నిజం ఏడుపొచ్చింది. డాక్టరు చేతిలోంచి స్టెతస్కోపు జారిపోయింది. దర్శకుడు కట్ చెప్పాలి, చెప్పలేదు. నిర్మాత కళ్లజోడు తీసి తుడుచుకుని, తానెందుకొచ్చాడో గుర్తొచ్చి గుడ్లురిమాడు.

"ఇదెవరు రాశారు?"

"నేను రాయలేదండీ" అన్నారు మాస్టారు వినయంగా. "ఆవిడకు మతిమరుపు. చనిపోయిన సంగతి మర్చిపోయింది."

నిర్మాత కాసేపు తల గోక్కున్నాడు. "సరే, ఉండనివ్వండి. డైలాగులు మాత్రం రాయకండి, ఆవిడే చెప్పుకుంటుంది."

ఆయన వెళ్లాక దర్శకుడు మాస్టారి భుజమ్మీద చెయ్యేశాడు. "నిజం చెప్పండి, చెవిలో ఏం ఊదారు?"

"కోడలు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదన్నానండీ. ఆ మాట వింటే ఆవిడ చచ్చినా ఊరుకోదు."