జలశాఖా, జవుళి శాఖా

మంత్రిగారు ఓ పాప చేతిలోని గులాబీని అందుకోవడానికి వంగారు. అంతే, ఆయన మెడ వెనక కండువా మీద ఎర్ర దారంతో నేసిన మాట రేణిగుంట విమానాశ్రయం బయట నిలబడ్డ వాళ్ళందరికీ కనిపించింది: "జౌళి శాఖ". నిటారుగా ఉన్నంతసేపూ ఒక కొసన "కేంద్ర", ఇంకో కొసన "సహాయ మంత్రి" మాత్రమే కనబడ్డాయి. మధ్య మాటను, ఆ కండువా నేసి తెచ్చి వేసినాయన కావాలనే చొక్కా కాలరు కిందికి మడిచాడు. వంగేసరికి మడత విచ్చుకుంది. ముందురోజు సాయంత్రం ఢిల్లీలో ఆయనకు ఇచ్చింది జలశక్తి శాఖ.

మొదట మా పత్రిక ఫోటోగ్రాఫరు నవ్వాడు, తర్వాత ఒక పోలీసు, ఆ తర్వాత అందరూ. నవ్వనిది కండువా నేసినాయన ఒక్కడే. వీధి అంతా సంతకాలు పెట్టిన నూలు డిపో అర్జీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మంత్రికి కోపం వస్తే ఆ అర్జీ చేతిలోనే ఉండిపోతుంది. ఆయన నా వైపు చూశాడు. తప్పు నేసింది ఆయనే అయినా, ఆ తప్పులో సగం నాది.

నేను తిరుపతిలో జిల్లా పేజీలు చూసే డెస్కులో పనిచేస్తాను. అంతకుముందు చాలా ఏళ్ళు నగరి వైపు విలేకరిని. ఈ నేతగాడు అప్పటి స్నేహితుడు. నాలుగు మరమగ్గాలు నడుపుతాడు. వాటి పక్కనే ఒక పాత చేతిమగ్గం ఉంది. పెళ్ళి కండువాల మీద పేర్లు దాని మీదే నేస్తాడు. అక్షరాలకు ముందుగా అట్టల మీద చిల్లులు కొట్టుకోవాలి, కాబట్టి మాట ఏదో ముందే తెలియాలి. ఆయన వీధిలోని నేతగాళ్ళు నూలుకోసం ప్రతిసారీ తమిళనాడులోకి పోయి రావాలి. ఊళ్ళోనే నూలు డిపో పెట్టించాలని ఆయన పట్టుదల.

కొత్త కేంద్ర మంత్రివర్గం ప్రమాణ స్వీకారం రోజు ఉదయం మా వైపు ఎంపీకి ప్రధాని ఇంటి నుంచి టీకి పిలుపు వచ్చింది. ఆ రోజు టీకి పిలిచారంటే మంత్రి అయినట్టేనని పత్రికల్లో అందరికీ తెలుసు. ఇక మా ఆఫీసులో ఎవరూ పని చేయలేదు. క్యాంటీను ఆయన టీ తాగుతారా అని అడిగితే, ఏ శాఖ ఇస్తావో చెప్తేనే తాగుతానన్నాడు స్పోర్ట్సు పేజీ చూసేవాడు. బిస్కెట్టు కూడా ఇస్తే క్యాబినెట్ హోదా, ఉట్టి టీ అయితే సహాయ మంత్రి అని క్యాంటీను ఆయనే తేల్చాడు. డెస్కులో మేం "కేంద్ర" అని పెట్టి, ఖాళీ వదిలి, "సహాయ మంత్రి" అని శీర్షిక కట్టి కూర్చున్నాం. శాఖలు మర్నాడు గాని చెప్పరు.

నగరిలో నేతగాడూ సరిగ్గా అదే పని చేశాడని తర్వాత తెలిసింది. మంత్రికి వేయబోయే కండువాకు రెండు కొసల అట్టలూ కొట్టేసి, మధ్యలో ఖాళీ వదిలి, శాఖ కోసం కాచుకున్నాడు. గంటకోసారి నాకు ఫోను. మర్నాడు సాయంత్రం జాబితా రాగానే నేనే ఫోను చేశాను. ఆయన మరమగ్గాల మధ్య నిలబడి ఎత్తాడు. మరమగ్గాలు నాలుగూ నడుస్తుంటే మన మాట మనకే వినపడదు. జలశాఖ అని అరిచాను. ఆ మోతలో ఆయన మళ్ళీ అడిగాడు. నాకు "జలసాకేనా" అని వినిపించింది. అదే, అదే అన్నాను. నిజానికి ఆయన అడిగింది "జవుళి సాకేనా" అని. మా సరిహద్దు ఊళ్ళలో జౌళిని జవుళి అంటారు, శాఖను సాక అంటారు. బట్టల కొట్టు బోర్డులు చూస్తూ పెరిగిన మనిషికి చెవిలో పడే మొదటి మాట జవుళే. అచ్చులో పడే పేరును అక్షరం అక్షరంగా సరిచూసుకోవడం నేర్చిన నేను, ఆ ఒక్క మాటను మాత్రం సరిచూసుకోలేదు.

ఆయన ఆ రాత్రే కండువా నేసేశాడు. వీధిలో టపాసులు కాల్చారు. జౌళి మంత్రి మనవాడే, డిపో వచ్చినట్టేనని ఆయన గడప గడపకూ చెప్పాడు. పొద్దున మా పేపర్లో జలశక్తి అని చూసి నాకు ఫోను చేశాడు.

"సార్, నీ పేపర్లో అచ్చుతప్పు పడింది. సరిసేసుకో."

పేపరు సరిగ్గానే ఉందని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి నేను చెప్పింది నమ్మాలా, నా పేపరు రాసింది నమ్మాలా అని అడిగాడు. వెనక నుంచి ఆయన భార్య గొంతు వినబడింది.

"నీళ్ళ మంత్రికి గుడ్డలెందుకయ్యా. బిందె పట్టుకోని పో."

కొత్త అట్టలు కొట్టడానికి పొద్దు చాలదు. బాధ్యతలు తీసుకునేలోపే శ్రీవారి దర్శనం చేసుకోవాలని మంత్రి ఆ మధ్యాహ్నమే దిగుతున్నారు. ఉట్టి కండువా కొనుక్కుని పోదామన్నాను. ఒప్పుకోలేదు. నేతగాడు కొన్న కండువా వేస్తే వీధిలో తలెత్తుకోలేనన్నాడు. మధ్య మాటను కాలరు కిందికి మడిచే ఉపాయం ఆయనదే. వీధిలో రెండుసార్లు బావమరిది మెడ మీద వేసి చూసుకున్నాడు కూడా. బావమరిది వంగలేదు.

ఇప్పుడు మంత్రి కండువా తీసి, రెండు చేతులా పట్టుకుని, పైకే చదివారు. మా వైపు మనిషే.

"ఏమప్పా, నాకు నీళ్ళిచ్చినారు. నువ్వు గుడ్డలిచ్చినావే."

అందరి నవ్వులూ ఆగాయి. నేతగాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"నీళ్ళు లేనిది అద్దకం యాడ సార్. మీరు నీళ్ళిస్తేనే గదా మాకు జవుళి."

మంత్రి పడీపడీ నవ్వారు. కండువా ఈసారి జౌళి ఎదురుగా కనిపించేలా తనే వేసుకుని ఫోటో దిగారు. అర్జీ తీసుకుని, అక్కడే దాని తలమీద "సంబంధిత శాఖకు" అని రాసి సహాయకుడి చేతికిచ్చారు. నన్నూ ఎక్కించుకుని నగరికి తిరిగి వెళ్తుంటే, ఆ సంబరంలో నేతగాడు జీపులో కూర్చోలేదు, నిలబడే వచ్చాడు. పుత్తూరు దగ్గర నన్ను క్షమించేశానని కూడా చెప్పాడు.

తర్వాత మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. ఈసారి నేతగాడు ఫోను చేసినప్పుడు అవతల చప్పుడే లేదు.

"మగ్గాలన్నీ ఆపినా సార్. ఇప్పుడు మెల్లగా సెప్పు."

మా వాడికి జలం పోయి పశుసంవర్ధకం వచ్చిందని చెప్పాను. జౌళి వేరే రాష్ట్రం ఆయనకు వెళ్ళింది. అద్దకానికి ఆవు పనికిరాదు గదా సార్ అన్నాడు నేతగాడు. పలమనేరు పాల రైతులు మాత్రం ఆ వారమే దూడను తోలుకుని మంత్రి దగ్గరికి వెళ్ళారు.

అర్జీ మంత్రితో పాటు కొత్త కార్యాలయానికి వెళ్ళిందా, పాత శాఖలోనే ఉండిపోయిందా, జౌళికి చేరిందా అని మా ఢిల్లీ విలేకరిని మూడుసార్లు అడిగాను. ఆయన ఇంకా కనుక్కోలేదు. నగరి నేతగాళ్ళు ఈ వారం కూడా నూలుకు సరిహద్దు దాటే వెళ్ళారు.