లోపలి కామెర్లు

మొన్న కంటి ఆపరేషన్‌కు ముందు రక్తం తీయడానికి వచ్చిన నర్సమ్మాయి నా ముంజేతి మీది వాత మచ్చ చూసి, చిన్నప్పుడు కామెర్లొచ్చాయా మేడం అని అడిగింది. అవునన్నాను. ఇన్నేళ్ళుగా అదే చెప్పి నోటికి అలవాటైపోయింది. నిజానికి నాకెప్పుడూ కామెర్లు రాలేదు.

డెబ్బైల్లో మేం పురానాపూల్ దగ్గర ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చిన ప్రభుత్వ గుమాస్తా. నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది, పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చేది. అమ్మ దిష్టి తీసింది. బంధువుల్లో కొందరు చదువు ఎక్కువై అన్నారు, కొందరు చదవలేక వేషాలన్నారు. నాన్న మాత్రం నన్ను అఫ్జల్‌గంజ్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అది దిగులు జబ్బనీ, జ్వరంలాగే ఏ వయసులోనైనా వస్తుందనీ, పిచ్చి కాదనీ, మందులు వాడుతూ మనసులో మాట చెప్పుకుంటే తగ్గుతుందనీ ఆయన విడమరిచి చెప్పారు. తిరిగొస్తూ రిక్షాలో నాన్న నా చెయ్యి పట్టుకుని, "నేనున్నానమ్మా" అన్నారు. నేను నమ్మాను. కొన్నాళ్ళకు నిద్ర పట్టడం కూడా మొదలైంది.

కాలేజీకి ఎందుకు పోవట్లేదని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ అడిగితే, నాన్న కామెర్లన్నారు. ఇక చూడండి నా అవస్థ. ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు. పక్కింట్లో మేం పిన్ని వరసలో ఖాలా అని పిలిచే ఆవిడ పూటపూటకీ పంపే చెరుకు రసం. రాని జబ్బుకు ఇంత నిష్ఠగా పథ్యం చేసినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఒకరోజు ఓనరమ్మ పైకొచ్చి నా రెప్ప ఎత్తి చూసింది.

"కండ్లు తెల్లగనే ఉన్నయ్ గద సారూ?"

నేను నాన్న వైపు చూశాను.

"లోపలి కామెర్లండీ," అన్నారు.

"అయ్యో, గవి మస్తు ఖరాబ్. గోలీలు గిట్ల బంద్ జేసి వాత పెట్టియ్యాలె."

పాపం ఆవిడది ప్రేమే. గుడిమల్కాపూర్‌లో వాతలు పెట్టే మనిషి దగ్గరికి తనే మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. ఆయన ఇనుప కడ్డీ నిప్పుల్లో పెట్టినప్పుడు కూడా, నాన్న ఇప్పుడు చెప్పేస్తారు, ఇప్పుడు చెప్పేస్తారు అనుకుంటూనే ఉన్నాను. నా చెయ్యి కదలకుండా పట్టుకున్నది నాన్నే.

ఇంటికొచ్చాక, ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు. "కాలితే మానుతుందమ్మా. పిచ్చిదన్న పేరు పడితే మానదు," అన్నారు.

వాత పెట్టినాయన చెప్పిన పథ్యం ప్రకారం, డాక్టరు ఇచ్చిన మందులు నాన్న ఆపేశారు. నిద్ర మళ్ళీ పోయింది, ఆ ఏడు పరీక్షలూ పోయాయి. చాలా ఏళ్ళకు, ఉద్యోగం వచ్చాక, నా అంతట నేనే ఒక డాక్టర్ని వెతుక్కుని బాగుపడ్డాను. నాన్న మీద ప్రేమ చావలేదు గానీ, ఆయన ఉన్నన్నాళ్ళూ నా కష్టం ఒక్కటి కూడా ఆయనకు చెప్పుకోలేదు. పరాయివాళ్ళెవరైనా మోసం చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను పిచ్చిదాన్ని కాదని డాక్టరు నోట విన్న మనిషి, ఊరి మాటకే భయపడ్డారు.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. కానీ అసలు జబ్బేమిటో దానికి చెప్పాలి కదా. మావాళ్ళు కాలానికి కూడా కామెర్లనే చెప్పారు.