కాంపోజిట్ లెక్కలు, మా బెంచీ

మొన్న మా మనవరాలు ఫోను ముందేసుకొని డిగ్రీ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటూ, హసన్‌పర్తి వైపు కాలేజీ ముందు రాయాలా, హనుమకొండది ముందు రాయాలా అని నన్నడిగింది. నాకేం తెలుసే అన్నాను గానీ, ముప్పై ఏళ్లు కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, తెలియకేం. చివరి తేదీ దాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చట. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పటి పిల్లలు పది పాసయ్యాక గదా ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అని తలలు పట్టుకుంటారు. మాకు ఆ చీలిక తొమ్మిదో తరగతి గడపలోనే వచ్చేది, కాంపోజిట్ మ్యాథ్స్, జనరల్ మ్యాథ్స్ అని లెక్కలు రెండు. కాంపోజిట్ చదివితేనే ఇంటర్‌లో ఎంపీసీ, ఆ పైన ఇంజనీరింగు. జనరల్ రాసినవాళ్లకు ఆ తలుపు అక్కడే మూసుకునేది. పద్నాలుగేళ్ల పిల్ల చిన్న కాగితం మీద రాసిచ్చిన దాంతో బతుకంతా తేలిపోవాలన్నమాట. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ పిల్లల్ని కన్నవాడు కాదనుకుంటాను.

నాకు లెక్కలంటే ప్రాణం, ఇంజనీరు కావాలని లోపల పెద్ద ఆశ. అయితే మా బడిలో కాంపోజిట్ వాళ్లు మగపిల్లల సెక్షన్‌లో కూర్చోవాలి. మా బెంచీ మీద నలుగురం, బడి విడిచేదాకా ఒక్కచోటే ఉండాలని ఒట్టు పెట్టుకున్నవాళ్లం. మిగతా ముగ్గురూ జనరల్ రాసిచ్చేశారు. నేను నాన్చుతుంటే లెక్కల సారు సంగతి గ్రహించి, ఒక సాయంత్రం బజారులో మా బట్టల దుకాణానికే వచ్చారు.

"సేటూ, పిల్లకు లెక్కలు మంచిగొస్తయి, కాంపోజిట్ల కూసోనియ్యుండ్రి" అన్నారు.

బాపు కొలుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. "నాకేమెర్క సారూ, సదివేది ఆమె. నీకేది మంచిగనిపిస్తె అది రాయి బిడ్డా. మొగపిల్లలల్ల కూసున్నా నాకేం ఫికర్ లేదు."

ఆ రోజుల్లో ఎంతమంది తండ్రులనేవారు ఆ మాట! నేను తల వంచుకొని, జనరలే అన్నాను. సారు వెళ్లిపోయారు.

దసరా సెలవులయ్యేసరికి బెంచీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. ఒకామెకు పెళ్లయింది, ఒకామెను వర్ధన్నపేటలో మేనత్త ఇంటికి పంపేశారు, మూడో ఆమె ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ముందు బెంచీలో కొత్త స్నేహం కలుపుకుంది.

ఇంటర్‌లో చేరబోతే గుమాస్తా నా మార్కుల కాగితం చూసి, "జనరల్ల పాసైనవు గద బిడ్డా, ఎంపీసీ రాదు, సీఈసీ రాసుకో" అన్నాడు. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత బీకాం, ఉద్యోగం, బతుక్కేం లోటు రాలేదు. కానీ లెక్కల్లో ఇంత చురుకుదానివి ఇంజనీరువెందుకు కాలేదని ఎవరడిగినా, మా బాపు మగపిల్లల్లో కూర్చోనివ్వలేదని చెప్పడం అలవాటైంది. ఆ మాటంటే చాలు, ఎవరూ మళ్లీ అడగరు. ఒకసారి చుట్టాలందరి ముందూ అనేశాను, గుమ్మంలో బాపు ఉన్నాడని చూసుకోలేదు. ఆయన విన్నాడు, కాదనలేదు. చెప్పులేసుకొని దుకాణానికి వెళ్లిపోయాడు, బతికున్నన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు బ్రిడ్జి కోర్సులున్నాయి, ఓపెన్ యూనివర్సిటీలున్నాయి, తొందరపడి ఎంచుకున్నవాళ్లు వెనక్కి తిరిగి రావడానికి ఏదో ఒక సందు ఉంది. మంచిదే. మనవరాలు ఆప్షన్లు పెడుతూనే, ముత్తాత ఒప్పుకుంటే నువ్వూ ఇంజనీరువయ్యేదానివి గదా అమ్మమ్మా అంది. ఆయన ఒప్పుకున్నాడే, నేనే వద్దని రాసిచ్చాను అని జీవితంలో మొదటిసారి చెప్పాను. ఆ పిల్ల తలెత్తి, మరి ఇన్నాళ్లూ ఎందుకట్లా చెప్పావని అడిగింది. సిగ్గేసింది నాకు. ఆ జవాబు వినవలసిన మనిషి పోయి ఎన్నో ఏళ్లయింది.