మూడో భాగం అయ్యాకే దండ

ఆ రోజు తప్పు నాదే. మొన్న ఆదివారం వేదవతమ్మ గారు కన్నుమూశారని శంకర్ నగర్ నుంచి ఫోన్ వచ్చింది. కన్నీళ్ల కంటే ముందు ఆ తప్పే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడ ఉంటే నవ్వమనే అనేవారు.

విజయనగరం నుంచి వచ్చిన రైల్వే గార్డు కూతురావిడ. రైల్వే క్లబ్బులో ఎవరూ ముట్టని పియానో మీద చిన్నప్పుడే చేయి తిరిగేలా సాధన చేసి, రాయపూర్ బడిపిల్లలకు అదే నేర్పుతూ బతికారు. వయొలిన్‌తోనూ, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి చెల్లోతోనూ కలిసి ఒక్కసారైనా సభలో వాయించాలన్నది ఆవిడ జీవితాకాంక్ష. డెబ్బై దాటాక అది తీరే వేళ వచ్చింది. దేవేంద్ర నగర్ హాల్లో మా తెలుగు సంఘమే కచేరీ పెట్టింది. కార్యదర్శిని నేను. వయొలిన్ ఆయన బిలాస్‌పూర్ నుంచి, చెల్లో ఆయన నాగ్‌పూర్ నుంచి వచ్చారు.

వాయించే కృతికి మూడు భాగాలుంటాయని, ఒక్కోదాని తరవాత కాస్త ఆగుతామని ఆవిడ ముందే చెప్పారు. సమోసాల హడావిడిలో నేను వినిపించుకోలేదు. మొదటి భాగం ఆగగానే అంతా అయిపోయిందనుకుని శాలువాలూ దండలూ పట్టుకుని వేదికెక్కాను. మా సంఘంలో సన్మానం ఆలస్యం కావడమంత అపరాధం లేదు. ముందు ఆవిడకు శాలువా కప్పాను. చెల్లో ఆయనకు వేయబోయిన దండ చెల్లో మెడలో పడింది. వయొలిన్ ఆయన కమాను దించేసి, "భాయ్ సాబ్, అభీ బాకీ హై" అన్నారు, ఇంకా ఉందని కటువుగా. ఆయన లేచి వెళ్లిపోతే ఆవిడ కోరిక నా చేతుల్లోనే ముగిసిపోయేది.

వేదవతమ్మ గారు శాలువా సర్దుకుని, "ఉండనీ బాబూ, వెచ్చగా ఉంది. సన్మానం అయిపోయింది కదా, ఇక బాగా వాయించకపోయినా వెనక్కి తీసుకోలేరు" అన్నారు. హాలంతా నవ్వింది. వయొలిన్ ఆయన కూడా నవ్వి కమాను ఎత్తారు. ఆ శాలువాతోనే ఆవిడ మిగతా రెండు భాగాలూ వాయించారు. చివరిది వానాకాలపు వాగులా ఉరికింది.

మర్నాడు క్షమించమని వెళ్లాను. "క్షమాపణ తరవాత. ముందు కూర్చుని పూర్తిగా విను" అన్నారు. అప్పటినుంచి ఎప్పుడు వెళ్లినా మొదటి భాగం వాయించి, ఆగి, "ఏమయ్యా, శాలువా తెచ్చావా?" అనేవారు. పియానో నేర్పేవారు ఈ ఊళ్లో మరొకరు దొరకొచ్చు. తప్పు చేసినవాణ్ణి చేయిపట్టి పక్కన కూర్చోబెట్టుకునేవారు దొరకరు.

నిన్న సంతాప సభకు ఆ వయొలిన్, చెల్లో ఆయనలిద్దరూ వచ్చారు. అదే కృతి వాయించడానికి ఆవిడ శిష్యురాలు పియానో ముందు కూర్చుంది. ఫొటోకు వేయాల్సిన దండ నా ఒళ్లో ఉంది. మొదటి భాగం ఆగగానే పక్కాయన మోచేత్తో పొడిచాడు. "సెక్రటరీ గారూ, దండ."

"ఇంకా ఉంది, కూర్చోండి" అన్నాను.

మూడో భాగం అయింది. వయొలిన్ ఆయన కమాను దించేదాకా ఆగి, అప్పుడు లేచి ఆవిడకు దండ వేశాను.